కుక్క బరువు పెరిగిన ఏడాది

ఆ ఉదయం కుక్క లేవలేదు. అంతకు ముందు కొన్ని వారాలుగా లేవడానికి ఆలస్యం చేస్తూనే ఉంది. ముందుకాళ్ళు చాచి, వెనక భాగాన్ని ఎవరిదో బరువులాగా ఈడ్చుకుని లేచేది. పది అడుగులు వేశాక కాస్త సర్దుకునేది. ముసలితనం అనుకున్నాం. ఆ రోజు మాత్రం ముందుకాళ్ళ మీద సగం లేచి, మళ్ళీ నేల మీదికి ఒరిగిపోయి, తల తిప్పి తన నడుము వైపు చూసుకుంది.

మాది ఉద్దానంలో సముద్రానికి రెండు కిలోమీటర్ల ఎగువన ఉన్న ఊరు. నేను అక్కడి అంగన్‌వాడీలో టీచర్ని. నా భర్త కొబ్బరి రైతు. నాకు మేనత్త కొడుకు, కాబట్టి పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. మా అమ్మాయికి పెళ్ళయి ఇచ్ఛాపురంలో ఉంటోంది. ఇంట్లో మేమిద్దరం, ఆ కుక్క. దానికి మేం పేరు పెట్టలేదు. బావ నాలుకతో చిన్న చప్పుడు చేస్తే ఎక్కడున్నా వచ్చేది. ఒక తుఫానులో కూలిన జీడి చెట్ల కింద దొరికిన పిల్ల అది. తర్వాత ఇంకో పెద్ద తుఫాను కూడా మాతోనే చూసింది.

బావకి అప్పటికి మూడేళ్ళుగా డయాలసిస్ నడుస్తోంది. సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం ఆటోలో పలాస వెళ్ళి, మధ్యాహ్నం దాటాక తిరిగివచ్చేవాడు. మా వైపు ఇది చెప్పుకోవలసినంత వింత కాదు. ఆ ఆటోలో ఎక్కే నలుగురికీ అదే పని. కుక్క ఆయనతో రోడ్డు దాకా వెళ్ళి, ఆటో కదిలాక ఇంటికి వచ్చేసేది. ఆ రోజు మంగళవారం, పలాస వెళ్ళే పని లేదు. నేను బడికి బయల్దేరబోతూ దాన్ని చూసి ఆగిపోయాను.

నా మోకాళ్ళ కోసం కొట్లో కొన్న మాత్రల అట్ట ఒకటి అలమరలో ఉంది. ఒక మాత్ర తీసి, సగానికి విరిచి, అన్నం ముద్దలో పెడుతున్నాను. బావ మంచం మీద నుంచి చూశాడు.

"ఏటి సేత్తన్నావు?"

"నొప్పి మాత్ర. సగమే."

"ఒగ్గీ."

"సూడు బావా, లెగనేకపోతంది."

"సూత్తన్నాను. నాకూ కళ్ళున్నాయి. ముందా మాత్ర ఒగ్గీ. నాకు సేసింది సాలదేటి?"

నేను ముద్ద చెత్తలో పడేశాను. ఆ మాత్రల మీద మేం అప్పుడప్పుడూ వాదించుకునేవాళ్ళం. మా ఉద్దానం కిడ్నీ రోగానికి కారణం నీళ్ళని కొందరంటారు, మట్టి అని కొందరంటారు, తెలియదని డాక్టర్లంటారు. బావ మాత్రం మాత్రలే అనేవాడు. వయసులో ఉన్నప్పుడు కూలి మనుషులు దొరకకపోతే తనే చెట్లెక్కి కాయ దింపేవాడు. దింపు రోజుల్లో నడుము పట్టేస్తే కొట్టుకి వెళ్ళి రెండు మాత్రలు తెచ్చుకునేవాడు. పదిహేనేళ్ళు అలా మింగాడు. ఆయన చెప్పిందే నిజమో కాదో నాకు తెలియదు. కాని ఆయన ముందు కుక్కకి ఆ మాత్ర పెట్టే హక్కు నాకు లేదనిపించింది.

టెక్కలిలో ఒక డాక్టరమ్మ కుక్కల్ని కూడా ఓపికగా చూస్తుందని మా బడి ఆయా చెప్పింది. నేను సెలవు పెట్టాను. ఆటో అతనికి ఫోన్ చేశాను. బావని పలాస తీసుకెళ్ళే అతనే.

"కుక్కా? కుక్కనెక్కించీసినాక రేపు నా బండి ఎవులెక్కుతారప్పా?" అన్నాడు. మళ్ళీ తనే, "మావతో రోడ్డు దాకా వొచ్చీ కుక్కేనా?" అని అడిగాడు. అవునన్నాను. "సరే, కింద గోని పరుసుకోండి" అన్నాడు.

ఇద్దరం కలిసి గోనెసంచి మీద దాన్ని ఎత్తాం. ఎత్తేటప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. ఎంత బరువుందో. బావకైతే ఒక చేతిలో డయాలసిస్ సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఉంది, ఆ చేత్తో బరువెత్తకూడదు. రెండో చేత్తోనే పట్టుకున్నాడు. మొహం చెమట పట్టింది. దారంతా కుక్క తల ఆయన పాదాల మీదే ఉంది. పలాస దాటి హైవే ఎక్కాక గాలి తగిలి కళ్ళు మూసుకుంది.

పశువుల ఆసుపత్రి ముందు మేకలు, ఒక చూడి ఆవు, బుట్టలో కోళ్ళు. మా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. డాక్టరమ్మది చిన్న వయసు. మా అమ్మాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. ముందు కుక్కని ముట్టుకోలేదు. నెమ్మదిగా నడిపించమంది. మేం లేపి నిలబెడితే అది ఆసుపత్రి గచ్చు మీద నాలుగడుగులు వేసింది. వెనక కాళ్ళు కుందేలు కాళ్ళలా రెండూ ఒకేసారి పడ్డాయి. తర్వాత డాక్టరమ్మ నేల మీద కూర్చుని, తుంటి మీద, మోకాలి మీద వేళ్ళు పెట్టి, కాలు మెల్లిగా వెనక్కి చాచింది. కుక్క గుర్రుమనలేదు. బావ వైపు చూసిందంతే.

"తుంటి కీళ్ళు అరిగిపోయాయి. వయసుతో వచ్చేదే, కొత్తగా చెయ్యగలిగింది లేదు. నొప్పి తగ్గించొచ్చు. బాగా తగ్గించొచ్చు" అంది. దాన్ని దూడల్ని తూచే కాటా మీదికి ఎక్కించింది. అంకె చూసి నా వైపు తిరిగింది.

"ఏం పెడుతున్నారమ్మా దీనికి?"

"పొద్దున కాస్త, సాయంత్రం కాస్త అన్నం. చేప ఉంటే చేప."

"కాస్త అంటే?"

నేను చేత్తో చూపించాను.

"ఆ మాత్రానికి ఇంత ఒళ్ళు రాదు. ఉండాల్సిన దానికి పది కిలోలు ఎక్కువుంది. అరిగిన కీళ్ళ మీద ఈ పది కిలోలూ మోస్తోంది. ఎవరో పెడుతున్నారు."

"ఊళ్ళో ఎవరైనా పెడుతున్నారేమో" అన్నాను.

బావ వంగి కుక్క చెవి లోపల ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని చూసింది. చొక్కా చెయ్యి కింద ఉబ్బిన నరాలు చూసింది. మా ప్రాంతంలో పనిచేసేవాళ్ళకి ఆ చెయ్యి చూస్తే ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

"వారానికి మూడా?" అని అడిగింది.

"మూడు, మేడమ్."

"ఆకలి అవుతోందా మీకు?"

ఆయన మళ్ళీ కుక్క చెవి వైపు వంగాడు. ఆమె మళ్ళీ అడగలేదు. కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది.

ఎవరు పెడుతున్నారో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అడగడం ఇంటికెళ్ళాకే అనుకున్నాను.

నొప్పికి మాత్ర రాస్తాననీ, అది కుక్కల కోసం చేసిన మాత్రనీ, మనుషుల మాత్ర సగం కాదు, చిటికెడు కూడా పెట్టొద్దనీ చెప్పింది. ఇది కూడా రోజూ కాదు, నొప్పి ఎక్కువున్న రోజున, కడుపులో తిండి పడ్డాకే. వాంతి అయినా, దొడ్డికి నల్లగా వెళ్ళినా వెంటనే ఆపెయ్యాలి. అయితే మొదలుపెట్టే ముందు రక్తం తీసి దాని కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి.

"కుక్కలకీ ఉంటాదేటి మేడమ్, ఈ జబ్బు?" అన్నాడు బావ.

"ఉంటుంది. ముసలితనంలో చాలావాటికి వస్తుంది."

రక్తం తీస్తుంటే బావే దాని తల పట్టుకున్నాడు. సూది దిగేటప్పుడు ఆయన మొహం తిప్పుకున్నాడు. వారానికి మూడుసార్లు సూదులు పొడిపించుకునే మనిషి. రిపోర్టు మర్నాడు మధ్యాహ్నానికి గాని రాలేదు. ఆ రోజు బుధవారం. పలాస నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే, "ఫోనొచ్చిందా?" అని అడిగాడు. బాగున్నాయట అన్నాను. అరుగు మీద కూర్చుని చాలాసేపు కుక్క వీపు మీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయాడు. తన రిపోర్టు కోసం ఆయన అలా ఎదురుచూడగా నేను చూడలేదు.

అది మర్నాటి సంగతి. టెక్కలి నుంచి వచ్చిన మధ్యాహ్నం జరిగింది వేరే.

ఇంటికి చేరేసరికి రెండయింది. వండి, ఆయనకి కంచంలో పెట్టాను. మామూలుగా నేను పెట్టేసి, బడి రిజిస్టర్లు రాసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు ఎదురుగా కూర్చున్నాను. ఆయన నాలుగు మెతుకులు కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగలేక మింగాడు. మళ్ళీ కలపలేదు.

"ఎన్నాళ్ళ బట్టి?" అన్నాను.

"ఏటి?"

"అన్నం దానికి పెట్టడం."

కంచం అంచు మీద వేలు రాస్తూ కూర్చున్నాడు. "జీడిపూత కాడ నుండి" అన్నాడు చివరికి.

అప్పటికి ఆషాఢం. ఆరు నెలలు.

"నాతో సెప్పకూడదా?"

"ఏటి సెప్పాల? నువ్వొండింది బాగోనేదని సెప్పాలా? అది కాదు. నోట్లో ఇనుపముక్క ఎట్టుకున్నట్టుంటాదే. నీల్లు గూడా అలగే ఉంటాయి. బడి నుండొచ్చి, నిలబడి ఒండుతావు. కంచం కాళీగుంటే నీ మొకం ఒకలాగుంటాది, కాకపోతే ఇంకోలాగుంటాది."

ఆ మొహం సంగతి నాకే తెలియదు.

ఆయన డయాలసిస్ కార్డు చొక్కా జేబులోనే ఉంటుంది. ప్రతిసారీ ముందు, తర్వాత బరువు తూచి అందులో రాస్తారు. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆ కార్డు తీసి వరసగా చదివాను. ఒంట్లో నీరు చేరితే మనిషి నిండుగా కనబడతాడు. నీరు తీసేసిన తర్వాతి అంకె చూడాలి. అది నెలనెలా దిగుతూనే ఉంది. అక్కడి నర్సు పక్కన చుక్క కూడా పెట్టింది. రెండుసార్లు "ఇంట్లోవాళ్ళని తీసుకురండి" అని రాసింది. ఆయన నాకు చెప్పలేదు.

నా ఉద్యోగం ఏమిటంటే, ప్రతి నెలా ఊళ్ళో పసిపిల్లలందరినీ తూచి, చార్టులో చుక్కలు పెట్టడం. చుక్క కిందికి దిగితే ఆ తల్లిని పిలిచి, ఏం పెడుతున్నావమ్మా అని అడగడం. ఆ సాయంత్రం ఆ తల్లులు ఒక్కొక్కరూ గుర్తొచ్చారు. నేను వాళ్ళని అడిగిన గొంతు కూడా గుర్తొచ్చింది. అందులో కాస్త చిరాకు ఉండేది.

ఆ వారం నేనూ ఆయనతో పలాస వెళ్ళాను. నర్సుతో మాట్లాడాను. మూడు పూటలా నిండుగా పెట్టకమ్మా, ఐదుసార్లు కొంచెం కొంచెం పెట్టు అంది. గుడ్డు తెల్లసొన పెట్టమంది. అన్నం చల్లారాక పెడితే ఇనుము వాసన తక్కువ తెలుస్తుందని పక్క మంచం మీది ఆవిడ చెప్పింది. ఆవిడకి అప్పటికి ఐదేళ్ళుగా డయాలసిస్ నడుస్తోంది. ఆయన తినకూడనివి నాకు కొత్త కాదు. కొబ్బరినీళ్ళు వద్దు, పనసతొన వద్దు, జీడిపప్పు వద్దు. మా తోటలో కాసేది ఏదీ ఆయన తినకూడదు. ఆ జాబితా నేను మూడేళ్ళుగా కంఠతా పట్టాను. తినగలిగేది ఏమిటని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆయన కంచంలోది ఆయనే తినాలి. తినలేకపోతే తినలేకపోయానని చెప్పాలి, నా మొహం ఎలా ఉన్నా సరే. కుక్క తిండి వేరే గిన్నెలో, కొలిచి. సగం అన్నం తగ్గించి ఆ చోట ఉడికించిన గుమ్మడి, బీరకాయ, ఉప్పు లేకుండా ఉడికించిన చిన్న చేపలు పెట్టాం. మొదటి పది రోజులు అది మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. బావ కంచం పట్టుకోగానే వచ్చి పక్కన కూర్చునేది. ఆయన పక్కకి తిరిగి కూర్చుని తినేవాడు.

మిగతావన్నీ డాక్టరమ్మ చెప్పినవే. వాటికి పెద్దగా డబ్బు పట్టలేదు. మా ఇంట్లో నున్నటి గచ్చు. దాని మీద కాళ్ళు జారి కీళ్ళు ఇంకా అరుగుతాయంది. పడుకునే చోటు నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి నీళ్ళ తొట్టి దాకా పాత గోనెలు పరిచి, అంచులకి ఇటుకలు పెట్టాం. పడకకి రెండు గోనెసంచులు కలిపి కుట్టి, లోపల కొబ్బరి పీచు దట్టంగా కూరాను. పీచుకి మాకు కొదవేముంది? అరుగు దిగడానికి రెండు మెట్లుంటే, ఇసుక పోసి, తొక్కి, వాలుగా చేశాడు బావ. ఆ పని మూడు రోజులు చేశాడు. గంట పని, గంట విశ్రాంతి. జబ్బు వచ్చాక ఆయన చేత్తో ఒక పని మొదలుపెట్టి పూర్తిచేయగా చూడటం అదే మొదటిసారి. నేను సాయం వెళ్తే, "నువ్వు బడికెల్లు" అన్నాడు.

కాపడం కూడా ఆయనదే. ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి, ముందు తన ముంజేతి మీద పెట్టి చూసుకుని, తర్వాత కుక్క తుంటి మీద పెట్టేవాడు. ఫిస్టులా ఉన్న చెయ్యి కాదు, రెండోది. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. అయ్యాక కాలు పట్టుకుని సైకిలు తొక్కించినట్టు నెమ్మదిగా తిప్పేవాడు. మొదట్లో మూలిగేది. తర్వాత ఉప్పు వేగే వాసన రాగానే వచ్చి, ఎటువైపు నొప్పి ఉంటే అటు పైకి పెట్టుకుని పడుకునేది.

నడక మానిపించకూడదు, ఎక్కువా నడిపించకూడదు. రోజుకి మూడుసార్లు, కొంచెం కొంచెం. ఆదివారాలు ఆటోలో సముద్రం దాకా తీసుకెళ్ళేవాళ్ళం. పొడి ఇసుకలో కాళ్ళు దిగబడి అది ఇబ్బంది పడుతుంటే, ఒడ్డున చేపల తట్ట సర్దుకుంటున్న ఒక పెద్దావిడ చూసి పిలిచింది.

"బావూ, అక్కడ కాదు. ఇటు ఏరు మొగ కాడికి తే. నీల్లు మోకాల్లోతే. అలలుండవు."

అక్కడ ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట నీళ్ళు నిలకడగా, ఎండకి గోరువెచ్చగా ఉన్నాయి. కుక్క మొదట ఒడ్డున నిలబడి వాసన చూసింది. బావ పంచె పైకి కట్టుకుని లోపలికి నడిచి, నాలుకతో చప్పుడు చేశాడు. అది దిగింది. నీళ్ళు పొట్టకి తగిలేసరికి వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వేసింది. మామూలు కుక్క నడిచినట్టు. నేను నిలబడి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, ఒకటి, రెండు.

"నొప్పి తెలీట్నేదు దానికి" అన్నాడు బావ.

"నీకో?"

"నాకు నొప్పేటి?" అన్నాడు. నీళ్ళలో ఇంకో అడుగు వేసి, "బాగుంది" అన్నాడు. ఆ పెద్దావిడ మా కోసం రెండు చిన్న చేపలు ఆకులో చుట్టి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. తన కొడుకు కూడా పలాస వెళ్తున్నాడని చెప్పింది. ఏ రోజులని బావ అడిగాడు. మంగళ, గురు, శని. అందుకే ఆయన అతన్నెప్పుడూ చూడలేదు.

దీపావళి నాటికి కుక్క ఆరు కిలోలు తగ్గింది. మాత్ర వారానికి ఒకటో రెండో పడేది. వాలు మీద నుంచి సాయం లేకుండా దిగేది. పరుగు లేదు. పరుగు ఉండదని డాక్టరమ్మ ముందే చెప్పింది. బావ బరువు రెండు కిలోలు పెరిగింది. నీరు తీసేసిన తర్వాతి అంకె అది, నేనే చదివాను. ఒక నెల అలాగే నిలిచి, మళ్ళీ దిగడం మొదలైంది. ఈసారి ఆయన దాచలేదు. "ఈయాల రెండు ముద్దలే" అని చెప్పేవాడు. నేను సరే అనేదాన్ని. నా మొహం ఎలా పెట్టానో తెలియదు.

మాఘంలో ఆయనకి జ్వరం వచ్చింది. పలాసలో చూసి శ్రీకాకుళం పంపారు. అక్కడ నాలుగో రోజు పోయాడు. నేను పక్కనే ఉన్నాను. చివరి రోజు మాటలు అంతగా లేవు. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి, "కాపడమెట్టారా?" అని అడిగాడు. పక్కింటివాళ్ళు పెడుతున్నారన్నాను. వాళ్ళు పెట్టారో లేదో నాకు తెలియదు.

కర్మలు అయ్యేదాకా ఇంటినిండా జనం. కుక్క గిన్నె ఎక్కడుందో ఎవరూ చూడలేదు. వచ్చినవాళ్ళంతా జాలిపడి ఆకుల్లో మిగిలినవన్నీ దానికే వేశారు. గోనెలు తీసి ఎక్కడో చుట్టేశారు. పన్నెండో రోజు అందరూ వెళ్ళిపోయాక, అమ్మాయి బట్టలు ఉతుకుతోంది, నేను నడవలో కూర్చున్నాను. కుక్క లేవబోయి గచ్చు మీద జారింది. మళ్ళీ లేవబోయింది. మూడోసారి లేవడానికి ప్రయత్నించలేదు.

నేను లేచి పొయ్యి వెలిగించాను. మూకుడులో ఉప్పు పోశాను. నాకు ఆయన చేసినంత బాగా రాదు. ఎంత వేడి ఉండాలో తెలియక ముంజేతి మీద పెట్టుకుంటే కాలింది. ఆరనిచ్చి పెట్టాను. తర్వాత గోనెలు వెతికి పరిచాను. అమ్మాయి వచ్చి, ఏమీ అడగకుండా ఇటుకలు అందించింది.

ఆ నెలంతా నేను సరిగా తినలేదు. నా అన్నం కుక్కకి మాత్రం పెట్టలేదు. పక్కింటి ఆవులకి వేశాను. అమ్మాయి కనిపెట్టి, తన ప్రయాణం రెండు వారాలు వాయిదా వేసుకుని, నా ఎదురుగా కూర్చునేది.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. కుక్క ఉంది. పదమూడేళ్ళకి దగ్గరవుతోంది. పోయిన చలికాలం నుంచి మాత్ర దాదాపు రోజూ పడుతోంది, మూడు నెలలకోసారి రక్తం చూపిస్తున్నాను. కళ్ళలో పొర కమ్మింది. నాలుకతో చప్పుడు నాకు చేతకాదు, చప్పట్లు కొడతాను. అలవాటు చేసుకుంది.

పోయిన నెల టెక్కలి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని సూటిగా అడిగాను, ఎప్పటిదాకా అని.

"ఒంటికి పోసుకున్న చోటే పడుకుని, తిండి వైపు చూడకుండా, మీరు ముట్టుకుంటే ఊరుకోని రోజులు వరసగా వస్తే, అప్పుడు చాలనుకోవాలి" అంది. "నొప్పి తెలియకుండా నిద్రపుచ్చే సూది వేస్తాను, కాని ఇక్కడ వద్దమ్మా. ఆటోలో అంత దూరం మళ్ళీ తీసుకురావద్దు. ఫోన్ చెయ్యండి, నేనే మీ ఊరు వస్తాను."

నంబరు అలమర తలుపు లోపల రాసి పెట్టుకున్నాను. అమ్మాయికీ చెప్పాను. ఇంకా ఫోన్ చేయలేదు.